పెద్దమనిషి చేతిలో గడియారం

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైల్లో రాసిన ఉత్తరాన్ని తెలుగు చేద్దామని మేము కొందరం కూచున్నాం. రెండు మూడు పేజీలు బాగానే నడిచింది. ఒక్క మాట దగ్గర బండి ఆగిపోయింది. కింగ్ తన కోపమంతా ఏ మనిషి మీద పెట్టాడో ఆ మనిషిని తెలుగులో ఏమని పిలవాలి? నిఘంటువు ‘మితవాది’ అంటుంది. కానీ మనం బళ్లో చదువుకున్న మితవాదులు వేరు. వాళ్లు కాంగ్రెసులో అతివాదులకు అవతలి పక్క కూచుని బ్రిటిష్ వాళ్లకు మహజర్లు పెట్టుకున్నవాళ్లు. పత్రికల్లోనేమో మితవాదమంటే ఒక్కోసారి కుడిపక్షమని అర్థం. కింగ్ చెప్పే మనిషి ఈ ఇద్దరూ కాదు. అతను నల్లవాణ్ణి కొట్టడు. కొట్టినవాణ్ణి మెచ్చుకోడు. మీరడిగేది న్యాయమే అంటాడు. పద్ధతి బాగాలేదంటాడు. ఇప్పుడు కాదంటాడు.

చివరికి మాలో ఒకరు, “వీణ్ణి మా ఊళ్లో పెద్దమనిషి అంటారు గదా” అన్నారు. మాట దొరికింది.

పెద్దమనిషిని ఊళ్లో చూసినవాళ్లకు ఆయన సంగతి వేరే చెప్పక్కర్లేదు. పల్లెలో పిల్లోణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టిన రోజు ఆయన కనపడడు. పోలీస్ స్టేషన్‌కు పోదామని మనం బయల్దేరిన రోజు కనపడతాడు. తప్పు వాళ్లదే అని ముందు ఒప్పుకుంటాడు, అందులో ఆయనకు మొహమాటం లేదు. ఆ తర్వాత అసలు సంగతికొస్తాడు. ఊరన్నాక కలిసి బతకాలి, పంట రోజులు, ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి, పిల్లల పరీక్షలు, కాస్త ఓపిక పట్టండి అంటాడు. ఆయన చెడ్డవాడు కాదని పల్లెలోనే సగం మంది అంటారు. అది అబద్ధమూ కాదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. పెద్దమనిషి లోపం పిరికితనం కాదు, మెత్తదనం కాదు. ఎదుటివాడి విముక్తికి ముహూర్తం పెట్టే హక్కు తనదేననుకోవటం. ధైర్యం నూరిపోస్తే పిరికితనం పోవచ్చు. ఈ హక్కు అలా పోదు, ఎందుకంటే అది ఆస్తి. కింగ్ ఉత్తరాన్ని మనవాళ్లు చాలామంది మంచి మనుషులకు చేసిన విన్నపంగా చదువుతారు. మేము దాన్ని ఆ ఆస్తి మీద వేసిన దావాగా చదువుతున్నాం. అలా చదివితే ఉత్తరం గొప్పతనమూ తెలుస్తుంది, అది ఆగిపోయిన చోటూ తెలుస్తుంది.

ముందు సందర్భం చూద్దాం. అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ ఉక్కు కర్మాగారాల ఊరు. 1960 నాటికి అక్కడి జనంలో దాదాపు 40 శాతం నల్లవాళ్లు. హోటలు బల్ల దగ్గర, మంచినీళ్ల కుళాయి దగ్గర, పార్కులో, బట్టల కొట్లో కొలత చూసుకునే గదిలో, అన్నిచోట్లా రంగు గీత ఉండేది. నల్లవాళ్ల ఇళ్ల మీద, చర్చిల మీద బాంబులు పడేవి, వేసినవాళ్లు దొరికేవాళ్లు కాదు. 1963 జనవరిలో జార్జ్ వాలెస్ గవర్నరుగా ప్రమాణం చేస్తూ వేర్పాటు ఎప్పటికీ ఉండి తీరుతుందని ప్రకటించాడు. అప్పుడు బర్మింగ్‌హామ్‌లోని తెల్ల మతపెద్దలు కొందరు దానికి జవాబుగా ఒక ప్రకటన చేశారు. కోర్టు తీర్పులకు లోబడాలి, హింస వద్దు అన్నారు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో తెల్లవాడు ఆ మాత్రం అనటానికీ గుండె కావాలి. ఇది మనం మర్చిపోగూడదు. మర్చిపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఏప్రిల్ 3న నల్లవాళ్ల నిరసన మొదలైంది. కోర్టు నిషేధాన్ని కాదని నడిచినందుకు ఏప్రిల్ 12న, గుడ్ ఫ్రైడే నాడు, కింగ్‌ను అరెస్టు చేసి ఒంటరి గదిలో పెట్టారు. అప్పటికి అతనికి 34 ఏళ్లు. అదే తేదీతో ఎనిమిది మంది తెల్ల మతపెద్దలు ఇంకో ప్రకటన చేశారు. వాళ్లలో బిషప్పులున్నారు, పాస్టర్లున్నారు, ఒక యూదు రబ్బీ ఉన్నాడు. జనవరిలో వాలెస్‌కు ఎదురు చెప్పినవాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు. ఈ నిరసనలు తెలివైనవి కావు, సమయానికి తగినవి కావు అన్నారు. బయటివాళ్లు వచ్చి నడిపిస్తున్నారన్నారు. సమస్యలుంటే కోర్టుల్లో తేల్చుకోవాలన్నారు. పోలీసులు శాంతంగా వ్యవహరించారని మెచ్చుకున్నారు. దీనికి జవాబే కింగ్ ఉత్తరం. మొదలుపెట్టింది పత్రిక అంచుల మీద, ఆ తర్వాత దొరికిన చిత్తు కాగితాల మీద, చివరికి లాయర్లు తెచ్చిచ్చిన పుస్తకంలో. తేదీ ఏప్రిల్ 16.

‘సమయానికి తగినది కాదు’ అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ఆ సమయం లెక్క ఏందంటే ఇది. 1962 చివర్లో కొట్ల యజమానులు రంగు గీతల బోర్డులు తీసేస్తామని మాటిచ్చారు. కొన్ని తీశారు. కొన్నాళ్లకు మళ్లీ పెట్టారు. ఉద్యమం మొదలెడదామంటే మార్చిలో మేయరు ఎన్నిక వచ్చింది, సరేనని ఆగారు. అది తేలక ఏప్రిల్ 2న మళ్లీ ఓటింగు పెట్టారు, అప్పటిదాకా కూడా ఆగారు. ఆ ఎన్నికలో పోలీసుల మీద పెత్తనం చేసే బుల్ కానర్ ఓడాడు, ఆల్బర్ట్ బౌట్‌వెల్ గెలిచాడు. ఇక చూడండి, మంచివాడు గెలిచాడు గదా, ఆయనకు కాస్త టైమివ్వండి అన్నారు. కింగ్ ఉత్తరంలో ఈ లెక్క మొత్తం వరసగా చెప్పి, బౌట్‌వెల్ కానర్ కంటే మర్యాదస్తుడే గానీ వేర్పాటు విషయంలో ఇద్దరిదీ ఒకే బాట అని తేల్చేస్తాడు. అంటే నల్లవాళ్లు అప్పటికే ఆగి ఉన్నారు. ఒకసారి మాట నమ్మి, ఒకసారి ఎన్నిక కోసం, ఇంకోసారి మళ్లీ ఎన్నిక కోసం. పెద్దమనుషుల గడియారంలో ఈ ఆగటమేదీ లెక్కకు రాలేదు. వాళ్ల గడియారం నల్లవాడు రోడ్డెక్కిన రోజునే మొదలవుతుంది.

ఉత్తరంలో కింగ్ చేసిన పనుల్లో మేము ముఖ్యమనుకునేవి మూడు.

ఒకటి, ఆగమని చెప్పేవాడికి ఆగటమంటే ఏందో చూపించటం. ఈ చోట వొక వాక్యం ఉంది. ముద్రణలో దాదాపు పేజీ నిండుతుంది. గుంపు చేతుల్లో చచ్చినవాళ్లు, పోలీసు దెబ్బలు, కూడూ గూడూ లేని బతుకు, టీవీలో చూసిన ఆటల పార్కుకు ఎందుకు పోగూడదని అడిగే ఆరేళ్ల కూతురు, రాత్రిపూట ఏ లాడ్జీలోనూ గది దొరక్క కార్లోనే పడుకోవటం, ఎంత వయసొచ్చినా ‘అబ్బాయ్’ అనే పిలుపు. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు, ఎక్కడా పూర్ణవిరామం పెట్టడు. అర్థం చివర్లో తేలుతుంది. చదివేవాడు అందాకా ఆగి తీరాలి. మన తెలుగులో క్రియ ఎటూ చివరికే వస్తుంది గనక ఆ వాక్యం మా తర్జుమాలో పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. తల నెరిసిన మనిషిని నిన్నగాక మొన్న పుట్టిన దొర కొడుకు ‘ఒరే’ అని పిలవటమంటే ఏందో కూడా మనకు ఫుట్‌నోటు అక్కర్లేదు.

రెండు, శాంతి అనే మాటను రెండుగా చీల్చటం. గొడవ లేకపోవటం ఒక శాంతి. న్యాయం ఉండటం ఇంకో శాంతి. పెద్దమనిషికి మొదటిది చాలు. అతనికి గొడవ అంటే నల్లవాడు రోడ్డు మీదికి రావటం. నల్లవాడు రోడ్డు మీదికి రాకముందు వందేళ్లుగా జరుగుతున్నది అతనికి గొడవగా కనపడదు. నిరసన ఉద్రిక్తతను పుట్టించదు, లోపలున్నదాన్ని బయటికి తెస్తుంది అని కింగ్ వాదన. పుండు మీద గుడ్డ కప్పితే పుండు లేదనుకోవటం వైద్యం కాదని మన ముసలమ్మలకు కూడా తెలుసు.

మూడోది అన్నిటికంటే పదునైనది. నల్లవాడి దారికి అడ్డం ముసుగేసుకుని వచ్చే కూ క్లక్స్ క్లాన్ వాడు కాదేమో, క్రమశిక్షణే న్యాయం కంటే ఎక్కువనుకునే ఈ మర్యాదస్తుడేమోనని అనుమానం వస్తోందంటాడు. విమర్శకులు దీన్ని బాధలో అన్న మాటగా తీసుకుని వదిలేస్తారు. మా దృష్టిలో ఇది లెక్క చూసి చెప్పిన మాట. క్లాన్ వాడు కొడతాడు, కానీ కొట్టినందుకు వాడికి అధికారం ఒప్పుదల కావాలి. పోలీసులు మర్యాదగా ఉన్నారని సర్టిఫికెట్ ఇచ్చేది క్లాన్ వాడు కాదు, బిషప్పు. వాడి కర్ర కంటే ఈయన సంతకానికి విలువెక్కువ.

ఆ తర్వాత ఏం జరిగిందో చరిత్రలో ఉంది. మే 2 నుంచి బడిపిల్లలు వందల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి జైళ్లు నింపారు. మే 3న కానర్ వాళ్ల మీదికి కుక్కల్నీ, ఫైరింజన్ నీళ్లనూ వదిలాడు. ఈస్టర్ బేరాలప్పుడు మొదలైన కొట్ల బహిష్కరణ అప్పటికీ నడుస్తూనే ఉంది. మే 10న ఒప్పందం బయటికొచ్చింది. హోటలు బల్లలు, కొలత గదులు, కుళాయిలు 90 రోజుల్లో అందరికీ తెరుస్తామన్నారు. సమయం కాదన్నది ఏప్రిల్ 12న. నెల తిరక్కముందే సమయం వచ్చేసింది! జూన్ 11న అధ్యక్షుడు కెన్నెడీ టీవీలో మాట్లాడుతూ పౌరహక్కుల చట్టం తెస్తామన్నాడు. ఆ ప్రభుత్వం కూడా ఏప్రిల్‌లో ఇది సమయం కాదనే అనుకుంది. ముల్లు దానంతటది తిరగలేదు. పిల్లలు తిప్పారు, గల్లాపెట్టెలు ఖాళీ అయి తిప్పాయి.

ఇక్కడిదాకా ఉత్తరంతో మాకు పేచీ లేదు. కానీ ఉత్తరం ఎవరికి రాసిందో చూడండి. ఆ ఎనిమిది మందికే. తోటి మతపెద్దలని మర్యాదగా మొదలవుతుంది, ఇంత పొడుగు రాసినందుకు మన్నించమంటూ ముగుస్తుంది. పెద్దమనిషి చేతిలో గడియారం ఉందని చెప్పిన కింగ్ ఆ గడియారాన్ని సరిచేసుకోమని ఆయన్నే అడుగుతున్నాడు. అడిగితే ఇస్తాడా? ఈ ప్రశ్నకు జవాబు ఉత్తరంలో లేదు. 16 నెలల తర్వాత అట్లాంటిక్ సిటీలో ఉంది.

ఫానీ లూ హేమర్ 1917లో మిసిసిపీలో పాలు రైతుల ఇంట పుట్టింది. 20 మంది పిల్లల్లో ఆఖరిది. ఆరేళ్లకే పత్తి తీతకు పోయింది. పెద్దయ్యాక ఒక తెల్లదొర తోటలో 18 ఏళ్లు పనిచేసింది. అక్కడ ఆమె పనుల్లో ఒకటి టైమ్‌కీపర్ పని, కూలీల గంటలూ తీసిన పత్తీ లెక్క రాయటం. 1962 ఆగస్టు 31న ఓటు నమోదుకు పోయి తిరిగొస్తే, దరఖాస్తు వెనక్కి తీసుకోకపోతే తోట వదిలిపొమ్మన్నాడు దొర. మిసిసిపీ ఇంకా అందుకు సిద్ధంగా లేదన్నాడట. ఆమె ఆ రాత్రే ఇల్లు వదిలింది. 1963 జూన్‌లో వినోనా జైల్లో ఆమెను కొట్టిన దెబ్బలు జన్మంతా వదల్లేదు.

ఆ రాష్ట్రంలో ఓటుకు నమోదైన నల్లవాళ్లు అప్పటికి 6.7 శాతం. డెమొక్రాటిక్ పార్టీ రాష్ట్ర శాఖలోకి నల్లవాళ్లను రానివ్వరు గనక హేమరూ ఆమె తోటివాళ్లూ మిసిసిపీ ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పార్టీ పెట్టుకుని, 1964 ఆగస్టులో 68 మంది ప్రతినిధులతో అట్లాంటిక్ సిటీ మహాసభకు పోయారు. మిసిసిపీ తరఫున కూచోవలసింది మేమే అన్నారు. ఆగస్టు 22న హేమర్ సాక్ష్యం చెబుతుంటే అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు పత్రికల వాళ్లను పిలిచి కెమెరాలను తనవైపు తిప్పుకున్నాడు. టీవీలు ఆ రాత్రి ఆమె మాటలు మళ్లీ వేశాయి.

రాజీ కుదర్చటానికి వచ్చినవాడు హ్యూబర్ట్ హంఫ్రీ. ఇతను వాలెస్ లాంటివాడు కాదు. 1948 మహాసభలోనే పౌరహక్కుల కోసం గట్టిగా మాట్లాడినవాడు. 1964 చట్టాన్ని సెనేట్‌లో గట్టెక్కించినవాడు. తెల్లవాళ్లలో ఇంతకంటే మంచి మిత్రుణ్ణి ఆనాడు వెతికి తేవటం కష్టం. ఆయన తెచ్చిన రాజీ ఇది. 68 మందిలో రెండు సీట్లు. ఆ రెండూ కూడా మిసిసిపీ పేరు మీద కాదు, విడిగా. ఆ ఇద్దరూ ఎవరో పేర్లు కూడా పైవాళ్లే రాసిచ్చారు. హేమర్ పేరు అందులో లేదు. మిగతావాళ్లు అతిథుల్లా కూచోవచ్చు. వచ్చే మహాసభ నాటికి, అంటే 1968కి, వివక్ష చూపే శాఖల్ని రానివ్వం. మళ్లీ అదే మాట. నాలుగేళ్లు ఆగండి.

ఒప్పుకోమని చెప్పినవాళ్లలో పెద్ద పెద్ద నల్ల నాయకులున్నారు. కింగ్ కూడా ఆ రాజీకి ఎదురు నిలబడలేదు. బర్మింగ్‌హామ్ ఉత్తరం రాసిన మనిషే! దీన్ని మేము ఎత్తిపొడుపుగా చెప్పటం లేదు. జాన్సన్ ఓడితే ఇంకా పెద్ద ప్రమాదమనే లెక్క వాళ్లకుంది, ఆ లెక్క ఉత్తుత్తిది కాదు. కానీ పెద్దమనిషితో ఒకే బల్ల దగ్గర కూచుంటే ఆయన గడియారం మనకూ సరిగ్గానే ఉన్నట్టు కనపడుతుంది. పత్తి తీసిన హేమర్‌కు అలా కనపడలేదు. ఇంత దూరం రెండు సీట్ల కోసం రాలేదని ఆమె తేల్చేసింది. ప్రతినిధులు రాజీని తిప్పికొట్టారు.

1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. 1967కి మిసిసిపీలో నమోదైన నల్ల ఓటర్లు 59.8 శాతం. 1968 మహాసభలో హేమర్ మిసిసిపీ ప్రతినిధిగా కూచుంది. చూశారా, ఆగితే వచ్చింది గదా అంటారు పెద్దమనుషులు. ఆగితే రాలేదు. రెండు సీట్లు వద్దన్నందుకు వచ్చింది, సెల్మాలో తలలు పగిలినందుకు వచ్చింది.

అయితే అవతలి పక్క నుంచి మిత్రులే ఉండరా అని విద్యార్థులు అడుగుతారు. ఉంటారు. బర్మింగ్‌హామ్‌లోనే ఒకడున్నాడు. 1963 సెప్టెంబర్ 15న 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. మర్నాడు చార్లెస్ మోర్గన్ అనే తెల్ల లాయరు యువ వ్యాపారుల క్లబ్బులో లేచి, బాంబు వేసిందెవరని అడగక్కర్లేదు, మనందరం వేశాం అనే అర్థంలో మాట్లాడాడు. ‘అందరం’లో తననూ కలుపుకున్నాడు. బెదిరింపులొచ్చాయి. ఆ ఊళ్లో వకాల్తా సాగక కుటుంబంతో ఊరు వదిలాడు. ఆ తర్వాత కూడా పౌరహక్కుల కేసులే వాదించాడు. అతను ఆ రోజు నల్లవాళ్లకు ఓపిక చెప్పటానికి పోలేదు, తనవాళ్ల దగ్గరికి పోయాడు. ముహూర్తం పెట్టలేదు, మూల్యం కట్టాడు. తేడా ఇక్కడుంది. మిత్రుడు ఎంత బాగా మాట్లాడాడని కాదు, ఎవరితో మాట్లాడాడు, ఏం పోగొట్టుకున్నాడు అని చూడాలి.

ఆ నలుగురు పిల్లల కేసులో మొదటి శిక్ష 1977లో పడింది. ఇంకో ఇద్దరికి 2001లో, 2002లో. ఈ తేదీలు చూస్తే మనకు మన తేదీలు గుర్తొస్తాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే పెట్టించుకున్న ప్రత్యేక కోర్టులో తీర్పు వచ్చింది 2007లో, 21 మందికి యావజ్జీవం. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టుల్లో తేల్చుకోండని చెప్పేవాళ్లు ఈ తేదీలు చేతిలో పెట్టుకుని చెప్పాలి.

ఈ పోలిక మేము ఇప్పుడు కొత్తగా తెచ్చింది కాదు. 1946లో అంబేద్కర్, నల్లజాతి మేధావి డుబోయ్స్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్య సమితికి నల్లవాళ్లు పెట్టిన అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. పెద్దమనుషుల అనుభవం అప్పటికే అంబేద్కర్‌కు ఉంది. 1936లో లాహోరు జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు కులం పోవాలన్నవాళ్లే, అధ్యక్షత వహించమని పిలిచినవాళ్లే. ప్రసంగం ముందుగా చదివి అభ్యంతరాలు పెట్టి సభే ఆపేశారు. ఆయన దాన్ని తన ఖర్చుతో అచ్చేయించుకున్నాడు. 1972లో బొంబాయి దళిత యువకులు అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు తీసుకున్నారు. 1985లో కారంచేడు తర్వాత చీరాల శిబిరం నుంచి లేచిన దళిత ఉద్యమానికీ వామపక్ష మిత్రులకూ మధ్య కులమా, వర్గమా అని నడిచిన వాదం మన పాఠకులకు తెలిసిందే. ముందు విప్లవం, కులం సంగతి తర్వాత అనటం కూడా ఒక ముహూర్తమే.

తెలుగు పాఠకుల సంగతి ఇంకోటుంది. అలెక్స్ హేలీ పుస్తకాన్ని సహవాసి ‘ఏడు తరాలు’గా తెచ్చాక అది చదివి కళ్లనీళ్లు పెట్టుకోని అగ్రకుల అభ్యుదయవాదిని మేము చూడలేదు. ఆ కన్నీళ్లు దొంగవని అనం. కానీ కుంటా కింటే ఆఫ్రికా నుంచి వచ్చాడు గనక ఆయన కోసం ఏడవటానికి పొలంలో సెంటు భూమి కూడా వదులుకోనక్కర్లేదు. 1965 వలస చట్టం పాత జాతి కోటాల్ని ఎత్తేస్తేనే మనవాళ్లకు అమెరికా తలుపులు బారుగా తెరుచుకున్నాయి, ఆ చట్టం నల్లవాళ్ల పోరాటం తెచ్చిన గాలిలో వచ్చిందే. అదే అమెరికాలో, 2023లో కాలిఫోర్నియా శాసనసభ వివక్ష నిషేధంలో కులం అనే మాటను చేర్చే బిల్లు పాస్ చేస్తే అగ్రకుల భారతీయ సంఘాలు కొన్ని ఎదురు తిరిగాయి. ఉదారవాదిగా పేరున్న గవర్నరు న్యూసమ్ అక్టోబర్ 7న దాన్ని వెనక్కి కొట్టాడు. ఉన్న చట్టాలు చాలు, ఇది అనవసరం అన్నాడు. కులవివక్ష మంచిదని అనలేదు. పెద్దమనిషి ఎప్పుడూ అలా అనడు.

ఇక మా సంగతి. ఇది చెప్పకుండా వ్యాసం ముగిస్తే మేము కూడా అరుగు మీద కూచున్నట్టే.

మేము ఈ ఉత్తరాన్ని మొదట విన్నది ఒక విశ్వవిద్యాలయం తరగతి గదిలో. చెప్పినాయన బాగా చెప్పాడు, చదువుతూ గొంతు పూడుకుపోయింది. ఆ నెలలోనే ఖాళీగా పడున్న రిజర్వేషన్ పోస్టుల మీద మేము అర్జీ తీసుకుపోతే, న్యాక్ వాళ్లు వస్తున్నారయ్యా, ఈ సెమిస్టరు పోనివ్వండి అన్నాడు. మేము బయటికొచ్చి ఆయన్ని బాగా నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

మా హాస్టల్లో మరుగుదొడ్లు కడిగేవాళ్లు కాంట్రాక్టు మనుషులు. అందరూ మన పల్లెల వాళ్లే. నాలుగు నెలల జీతం రాలేదని, ఇంగ్లీషులో అర్జీ రాసి మేము కూడా సంతకాలు పెట్టాలని అడిగారు. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేము. అమ్మానాన్నలు పొలం పన్లకు పోయి చదివిస్తే ఇక్కడిదాకా వచ్చాం. థీసిస్ ఇచ్చే నెల, గైడు సంతకం కావాలి. సెలవులయ్యాక చూద్దామమ్మా అన్నాం. ఆ మాట మా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాం. కింగ్ ఆ ఉత్తరంలోనే చదువూ నాలుగు డబ్బులూ వచ్చాక తనవాళ్ల బాధ పట్టని నల్ల మధ్యతరగతి గురించి కూడా ఒక ముక్క రాశాడు. తర్జుమాలో ఆ ముక్కను మేము పరుగులు పెట్టించి దాటేశామని రెండోసారి చూసుకున్నప్పుడు గాని తెలియలేదు.

కింగ్ ఆఖరి పోరాటం పారిశుద్ధ్య కార్మికుల కోసమే. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో వానకు చెత్త లారీలోకి దూరిన ఇద్దరు కార్మికులు దాని యంత్రంలో నలిగి చచ్చిపోయారు. 1,300 మంది సమ్మెకు దిగారు. వాళ్లకు తోడుగా పోయిన కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఇవాళ ఆయన పేరు మీద సెలవు ఉంది. కానీ 1966 గ్యాలప్ సర్వేలో అమెరికన్లు 63 శాతం ఆయన మీద మంచి అభిప్రాయం లేదన్నారు. చచ్చిపోయినవాడు ఎవరి గడియారాన్నీ కదిలించడు గనక దండ వెయ్యటం తేలిక. మన ఏప్రిల్ 14 దండల సంగతీ ఇంతే.

అర్జీ చివరికి రాశాం, ఆలస్యంగానే. సంతకాలు పెట్టేటప్పుడు వాళ్లలో పెద్దామె, “ఇప్పటికి తీరిందా నాయనా?” అంది. కోపంగా అనలేదు. అలా అన్నందుకే మాకు ఇంకా గుర్తుంది.

మా తర్జుమా ఇంకా కొంత మిగిలే ఉంది. ‘పెద్దమనిషి’ అనే మాట ఉంచుతున్నాం. ఉపాధ్యాయ మిత్రులు దీన్ని తరగతిలో చెప్పేటప్పుడు ఒక పని చెయ్యమని కోరుతున్నాం. కింగ్ ఉత్తరానికి ముందు ఆ ఎనిమిది మంది ప్రకటన చదివించండి. ఎవరు రాశారో చెప్పకండి. అందులో తప్పేముందని పిల్లల్ని అడగండి. చాలామందికి ఏ తప్పూ కనపడదు, మర్యాదగానే ఉందంటారు. పాఠం అక్కణ్ణించి మొదలుపెట్టాలి. ఉద్యమంలో ఉన్న మిత్రులు ఇంకోటి చెయ్యవచ్చు. ఆ ప్రకటనలో మనం ఎవరికైనా చెప్పిన వాక్యాలు ఎన్నున్నాయో లెక్క పెట్టుకోవచ్చు. మాకు రెండు కనపడ్డాయి.